స్టార్‌గేట్ యూనివర్స్‌కి ముగింపు సినిమా: 2011లో ఎందుకు ఆగింది, ఇప్పుడు ఏ దారి మిగిలింది?

తొమ్మిదో చెవ్రాన్:

(కథ మొత్తం బయటపడుతుంది. రెండు సీజన్లూ పూర్తి చెయ్యనివాళ్ళు ముందు అవి చూసి రండి.)

కొత్తవాళ్ళకి ఒక మాట: స్టార్‌గేట్ అంటే ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి క్షణంలో దాటించే గుండ్రటి గేటు. దాని మీద ఎస్‌జీ-1, అట్లాంటిస్ అనే టీవీ సిరీస్‌ల తర్వాత వచ్చింది యూనివర్స్, డెస్టినీ అనే పురాతన అంతరిక్ష నౌకలో చిక్కుకుని భూమికి తిరిగి రాలేకపోయిన జట్టు కథ.

స్టార్‌గేట్ యూనివర్స్ ఆఖరి ఎపిసోడ్ "గాంట్‌లెట్" 2011 మే 9న ప్రసారమైంది. గేటున్న ప్రతి గ్రహం దగ్గరా శత్రు డ్రోన్లని నడిపే కమాండ్ షిప్పు కాపు కాస్తుండడంతో డెస్టినీకి తిండీ నీళ్ళూ తెచ్చుకునే దారి మూసుకుపోయింది. అందరూ స్టేసిస్ పాడ్లలోకి (వయసు పెరగకుండా ఏళ్ళ తరబడి నిద్రపుచ్చే పెట్టెల్లోకి) వెళ్ళి, ఎక్కడా ఆగకుండా పక్క గెలాక్సీకి మూడేళ్ళ ప్రయాణం పెట్టుకున్నారు. లెక్క కొద్దిగా తప్పినా ఆ మూడేళ్ళు వెయ్యేళ్ళు కావచ్చు. పనిచేసే పాడ్ ఒకటి తక్కువ పడి జట్టులోని కుర్రాడు ఈలై బయట మిగిలాడు. దాన్ని బాగుచేసుకోవడానికి అతనికున్న గడువు రెండు వారాలు. కథ అక్కడ ఆగిపోయి ఇన్నేళ్ళయింది.

అడగదలచుకున్నవి మూడు. ఒకటి, ఎస్‌జీ-1కి ముగింపు సినిమా వచ్చింది కదా, దీనికి ఎందుకు రాలేదు? రెండు, ఇప్పుడు వస్తే ఏ రూపంలో రావచ్చు: సినిమానా, రెండు గంటల స్పెషల్ ఎపిసోడా, యానిమేషనా? మూడు, హైదరాబాదులోనో విశాఖలోనో డల్లాస్‌లోనో కూర్చున్న మనలాంటివాళ్ళు చేసే ఏ పని నిజంగా లెక్కలోకి వస్తుంది? ఆన్‌లైన్ పిటిషన్లు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటి మీద సంతకం పెట్టడం తప్ప ఇంకేమైనా ఉందా అన్నది తెలిసినవాళ్ళు చెప్పండి.

రీళ్ళ లెక్క:

మొదటి ప్రశ్నకి జవాబు దొరికితే మిగతా రెండూ సగం తేలిపోతాయి, అందుకే దాన్ని కాస్త వివరంగా చెప్తాను.

ఎస్‌జీ-1 పది సీజన్లు, 214 ఎపిసోడ్లు నడిచి 2007లో ఆగింది. ఓరై అనే శత్రువుల కథ మధ్యలో ఉండిపోయింది. 2008లో "ది ఆర్క్ ఆఫ్ ట్రూత్" ఆ కథ ముగించింది, అదే ఏడాది "కాంటినమ్" వచ్చింది. రెండూ నేరుగా డీవీడీకి తీసినవి, ఒక్కోదానికి బడ్జెట్ సుమారు 70 లక్షల డాలర్లు. అంత తక్కువలో ఎలా అయిందంటే, అట్లాంటిస్ అప్పటికి ఇంకా షూటింగులో ఉంది. వాంకూవర్ పక్కన బర్నబీలోని బ్రిడ్జ్ స్టూడియోస్‌లో సెట్లు నిలబడే ఉన్నాయి, గేటు ఉంది, యూనిఫారాలు ఉన్నాయి, గ్రాఫిక్స్ చేసే జట్టు జీతాల మీదే ఉంది. సినిమాకి కొత్తగా ఖర్చు పెట్టాల్సింది పైపైన మాత్రమే. కాంటినమ్‌లో కనిపించే ధ్రువప్రాంతపు మంచు కూడా సెట్టు కాదు. 2007 మార్చిలో అమెరికా నౌకాదళానికి ఆర్కిటిక్‌లో ఉన్న పరిశోధనా శిబిరానికి వెళ్ళి, యూఎస్ఎస్ అలెగ్జాండ్రియా జలాంతర్గామితో తీశారు. ఇంకొకరు సొంతంగా ఏర్పాటు చేసుకోవాలంటే ఆ బడ్జెట్ దానికే చాలదు.

యూనివర్స్ ఆగేసరికి ఇవన్నీ తలకిందులయ్యాయి. ఫ్రాంచైజీ యజమాని ఎమ్‌జీఎమ్ దాదాపు 400 కోట్ల డాలర్ల అప్పుతో 2010 నవంబరు 3న దివాలా పిటిషన్ వేసింది, డిసెంబరు 20న బయటపడింది. సైఫై ఛానల్ మూడో సీజన్ వద్దని చెప్పింది డిసెంబరు 16న. అంటే సినిమాకి డబ్బు పెట్టమని ఎవరిని అడగాలో ఆ అధికారులే మారిపోతున్న వారం అది. రెండోది డీవీడీ మార్కెట్. 2008 తర్వాత డిస్కుల అమ్మకాలు ఏటేటా పడిపోతూ వచ్చాయి, 70 లక్షలు పెడితే వెనక్కి వస్తాయన్న ధీమా పోయింది. మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది, కెనడా డాలరు. 2002 మొదట్లో ఒక కెనడా డాలరుకి 62 అమెరికా సెంట్లు. 2011కి రెండూ ఇంచుమించు సమానం. వాంకూవర్లో అమెరికా డబ్బుతో తీసే సిరీస్‌కి జీతాల ఖర్చు ఒక్కటే ఆ తేడాతో సగానికి పైగా పెరిగిపోతుంది. పన్ను రాయితీలు ఉన్నా ఆ లోటు మొత్తం పూడదు.

2011 ఏప్రిల్‌లో వాంకూవర్ అభిమానుల సభలో యూనివర్స్ సృష్టికర్తల్లో ఒకరైన బ్రాడ్ రైట్ స్వయంగా చెప్పేశారు: యూనివర్స్ సినిమా, అట్లాంటిస్ సినిమా, ఎస్‌జీ-1 మూడో సినిమా, మూడూ లేవు అని. అట్లాంటిస్‌కైతే "ఎక్స్‌టింక్షన్" అని పేరు పెట్టి స్క్రిప్టు కూడా సిద్ధం చేసుకున్నారు. అదీ పోయింది. యూనివర్స్‌కి మాత్రమే అన్యాయం జరిగిందనుకోవద్దని ఈ మాట చెప్తున్నాను. ఫ్రాంచైజీ మొత్తం ఒకేసారి ఆగింది.

గట్టు మీద గోపి:

పైన చెప్పినదానికి నటుల ఒప్పందాల సంగతి కలపాలి. అమెరికన్ సిరీస్‌లో ముఖ్య నటులు మొదట్లోనే ఆరేడేళ్ళకి సంతకం పెడతారు. సిరీస్ నడిచినంతకాలం వాళ్ళని పిలిచే హక్కు నిర్మాతది. రద్దయి ఆ గడువు దాటిందా, అందరూ స్వేచ్ఛ. యూనివర్స్‌లో రష్‌గా వేసిన రాబర్ట్ కార్లైల్ అదే 2011 అక్టోబరులో మొదలైన "వన్స్ అపాన్ ఎ టైమ్"కి వెళ్ళిపోయారు, 2018 దాకా అందులోనే ఉన్నారు. మింగ్‌నా వెన్ 2013 నుంచి "ఏజెంట్స్ ఆఫ్ షీల్డ్"లో. బ్రయన్ జె. స్మిత్ 2015లో "సెన్స్8"లో. ఒకరికి ఖాళీ దొరికితే ఇంకొకరికి దొరకదు. ఎనిమిది మంది ముఖ్య నటులకి ఒకే ఆరు వారాలు కుదరాలంటే, ఆ కుదిర్చే పనికే ఒకరికి ఏడాది పడుతుంది.

అందుకే ముగింపు సినిమాలు వచ్చినచోట్ల ఎంత గడువులో వచ్చాయో చూడండి.

ఫార్‌స్కేప్: 2002 సెప్టెంబరులో రద్దు. అయిదో సీజన్‌కి కూడా ఒప్పందం ఉంది కానీ మధ్యలో తప్పుకునే వీలు ఛానల్‌కి ఉంది, దాన్ని వాడుకుంది. 88 ఎపిసోడ్ల తర్వాత 2003 మార్చిలో హీరో హీరోయిన్లు ఇద్దరూ పడవలో ముక్కలైపోయిన దృశ్యంతో ఆగింది. 2004 అక్టోబరు 17, 18 తేదీల్లో "ది పీస్‌కీపర్ వార్స్" రెండు భాగాలుగా వచ్చింది, దర్శకుడు బ్రయన్ హెన్సన్. డబ్బు యూరప్ పెట్టుబడిదారుల నుంచి వచ్చింది. హక్కులు హెన్సన్ కంపెనీ చేతిలోనే ఉండబట్టి బయట డబ్బు వెతుక్కోగలిగారు.

ఫైర్‌ఫ్లై: ఫాక్స్ 2002లో 14 ఎపిసోడ్లు తీయించి 11 మాత్రమే వేసి ఆపేసింది. 2003 డిసెంబరులో డీవీడీ వచ్చి బాగా అమ్ముడుపోయింది. యూనివర్సల్ సినిమా హక్కులు తీసుకుని 3.9 కోట్ల డాలర్లతో "సెరెనిటీ" తీసింది, 2005 సెప్టెంబరు 30న విడుదల.

సెన్స్8: నెట్‌ఫ్లిక్స్ 2017 జూన్ 1న రద్దు చేసింది, జూన్ 29న రెండు గంటల ముగింపు ప్రకటించింది. 2018 జూన్ 8న వచ్చింది, చివరికి నిడివి రెండున్నర గంటలు. మన ముంబయిలో కూడా తీసిన సిరీస్ కాబట్టి ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది.

టైమ్‌లెస్: 2018 జూన్‌లో రద్దు, డిసెంబరు 20న రెండు గంటల ముగింపు.

అన్నీ రద్దయిన మూడేళ్ళలోపే. యూనివర్స్‌కి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఇక పాత పద్ధతిలో, అంటే పాత సెట్లు, పాత ఒప్పందాలు, పాత జట్టుతో వచ్చే సినిమా గురించి ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. వేరే దారి చూడాలి.

తొమ్మిదో చెవ్రాన్:

ఇద్దరికీ ధన్యవాదాలు. హక్కులు ఎవరివన్నదే కీలకమని అర్థమైంది. సెరెనిటీ హిట్టే కదా, మరి దాన్ని చూపించి స్టూడియోలని ఒప్పించలేమా? లేకపోతే వెరోనికా మార్స్ అనే సిరీస్‌కి సినిమా తీసినట్టు అభిమానులే చందాలేసుకుంటే?

రీళ్ళ లెక్క:

సెరెనిటీని చూపిస్తే మనకే నష్టం. ప్రపంచం మొత్తం మీద వసూలు దాదాపు 4 కోట్ల డాలర్లు. థియేటర్ల వాటా పోగా స్టూడియోకి చేరేది అందులో సగం దరిదాపుల్లో. పైన ప్రచారం ఖర్చు. మొదటి వారాంతం కోటి డాలర్లు, రెండో స్థానం. విడుదలకి ముందు మే, జూన్ నెలల్లో అమెరికా నగరాల్లో ముందస్తు షోలు వేశారు, మొదట పది నగరాలు, తర్వాత ఇరవై, తర్వాత ముప్పై అయిదు. టికెట్లు చకచకా అయిపోయాయి. స్టూడియో అది చూసి బయట కూడా ఇంతే ఊపు ఉంటుందనుకుంది. వచ్చినవాళ్ళంతా అప్పటికే అభిమానులు. సిరీస్ చూడనివాళ్ళు థియేటర్‌కి రాలేదు. సినిమాగా అది చాలా మంచి సినిమా, ఆ మాట వేరే. థియేటర్ సినిమా అడిగితే ఎవరైనా మొదట తీసి చూపించేది ఈ లెక్కే.

చందాల గురించి లెక్కలు తెలిసినవాళ్ళు చెప్పండి.

పైసాపైసా పద్మ:

వెరోనికా మార్స్ లెక్క చూద్దాం. 2013 మార్చిలో కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో 20 లక్షల డాలర్లు అడిగారు, 91,585 మంది కలిసి 57 లక్షలు ఇచ్చారు. తలకి సగటున 62 డాలర్లు. హక్కుదారు వార్నర్ బ్రదర్స్ ముందే ఒప్పుకుంది, పంపిణీ, ప్రచారం తను చూసుకుంటానంది. ఆ ఒప్పుకోలు లేకపోతే మొదటి డాలరు కూడా అడగడానికి వీల్లేదు. ఇది మర్చిపోయి చాలామంది "మనమే తీసేద్దాం" అంటుంటారు.

వచ్చిన డబ్బంతా సినిమాకి పోదు. కిక్‌స్టార్టర్ 5 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల రుసుము ఇంకో 3 నుంచి 5 శాతం. తర్వాత టీషర్టులు, పోస్టర్లు, డిస్కులు తయారుచేసి పంపే ఖర్చు. అన్నీ కలిపి అయిదో వంతు పోతుందనుకుని లెక్కేసుకోవాలి. పంచడంలో తిప్పలు కూడా ఉంటాయి. వెరోనికా మార్స్ సినిమా విడుదలైన రోజు డిజిటల్ కాపీ ఇచ్చిన సైటు చాలామందికి పనిచెయ్యలేదు, వేరేచోట కొనుక్కున్నవాళ్ళకి డబ్బు వెనక్కి ఇవ్వాల్సొచ్చింది.

పైగా అది ఒక ఊళ్ళో జరిగే డిటెక్టివ్ కథ. కాలేజీ, ఇళ్ళు, కార్లు, బీచ్. డెస్టినీకి నౌక సెట్టు కట్టాలి, ప్రతి కిటికీలోంచీ గ్రాఫిక్స్ కనిపించాలి. 2008లో 70 లక్షలంటే ధరల పెరుగుదల కలిపితే ఇవాళ కోటి డాలర్ల పైనే, అది కూడా సెట్లు ఉన్నాయనుకుంటే. కోటి చేతికి రావాలంటే కోటీ ముప్పై లక్షలు పోగవ్వాలి. తలకి 62 చొప్పున రెండు లక్షల మంది పైచిలుకు. అసాధ్యమనను, కానీ డబ్బు అక్కర్లేని కంపెనీ చేతిలో హక్కులున్నప్పుడు ఈ దారి అనవసరం. ఆ హక్కుదారు ఇప్పుడు అమెజాన్. 2022 మార్చిలో ఎమ్‌జీఎమ్‌ని దాదాపు 845 కోట్ల డాలర్లకి కొన్నారు. వాళ్ళకి కోటి డాలర్లు లేక ఆగలేదు.

ఒక జాగ్రత్త: "యూనివర్స్ సినిమాకి విరాళం" అని ఎవరైనా లింకు పంపితే అందులో హక్కుదారు పేరు రాతపూర్వకంగా ఉందో లేదో చూడండి. లేకపోతే పైసా వెయ్యొద్దు.

నల్గొండ నుంచి నక్షత్రాలకు:

అన్నా, అసలు ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు. 2025 నవంబర్ల అమెజాన్ కొత్త స్టార్‌గేట్ సిరీస్ ప్రకటించింది కదా. నడిపించేది మార్టిన్ జీరో, అట్లాంటిస్‌కు, యూనివర్స్‌కు రాసిన మనిషి. బ్రాడ్ రైట్, జోసెఫ్ మలోజీ సలహాలిచ్చేతందుకు ఉన్నరు. అంటే ఈలైని ఆ పాడ్ దగ్గర నిలబెట్టినోళ్ళే మళ్ళ ఆ గదిలకు వచ్చిన్రు. ఫార్‌స్కేప్‌కు యూరప్ డబ్బు దొరికినట్టు మనకు దొరికింది ఇదే.

అందుకే సినిమా కావాలె సినిమా కావాలె అని మొత్తుకునుడు బంద్ చేసి, కొత్త సిరీస్‌ల రెండు మూడు ఎపిసోడ్లు డెస్టినీకి ఇయ్యమని అడుగుడు మంచిది. అట్ల ఎందుకు కుదురుతదంటే, యూనివర్స్ కథలనే అందుకు సామాను ఉన్నది. కమ్యూనికేషన్ స్టోన్స్ యాది చేసుకోండ్రి. ఎంత దూరమున్నా మనసు వచ్చి భూమ్మీద ఇంకొకరి ఒంట్లకు చేరుతది. నౌక సెట్టు కట్టే పని లేదు. ఈలైగా ఏసిన డేవిడ్ బ్లూ ఒక్కడు వచ్చి, భూమ్మీద ఒక గదిల ఒక టేబుల్ ముందట కూసుంటే చాలు, ఈలై బతికిండని తెలుస్తది. రెండో సీజన్ల "సీజర్" ఎపిసోడ్ చూడుండ్రి. అట్లాంటిస్ సిరీస్ పాత్రలు మెక్‌కే, వూల్సీ ఇందులకు వచ్చి లాంగారా గ్రహం మీది గేటుతోని డెస్టినీకి డయల్ చేద్దామని చూస్తరు. కథ సగం నౌక బయటనే నడిచింది.

డెస్టినీకి తొవ్వ తెరవాలంటే గేటు మీది తొమ్మిదో గుర్తు, అదే తొమ్మిదో చెవ్రాన్, డయల్ చెయ్యాలె. అందుకు నాక్వాడ్రియా అనే మస్తు పవరున్న ఖనిజం ఉన్న గ్రహం కావాలె, అదున్న ఇకారస్ గ్రహం పేలిపాయె. కొత్త సిరీస్ ఆ గ్రహం ఒక్కటి సంపాదించిందంటే డెస్టినీకి సరుకు, మనుషులు, రిపేరు సామాను అన్నీ పోతయి. అది కొత్త సిరీస్‌కు కూడ మంచి కథనే. ఇక్కడోళ్ళకూ అక్కడోళ్ళకూ పనికొచ్చేది అడిగితేనే ఇస్తరు.

గట్టు మీద గోపి:

ఆ ఆలోచన బాగుంది కానీ రెండు మూడు ఎపిసోడ్లకి సర్దుకుపొమ్మంటే ఒప్పుకోలేను. యూనివర్స్ పెట్టుకున్న అసలు ప్రశ్న డెస్టినీ ఎందుకు బయల్దేరిందన్నది, విశ్వపు తొలినాటి రేడియేషన్‌లో కనిపించిన ఆ సందేశం. నౌకలోని శాస్త్రవేత్త రష్ దానికోసమే అన్నీ వదిలేశాడు. వేరేవాళ్ళ సిరీస్‌లో అతిథిగా వచ్చి ఆ ప్రశ్న తేల్చడం కుదరదు. అది తేలకుండా ఈలై బతికాడా లేదా అన్నది ఒక్కటే తేలిస్తే, అది ముగింపు ఎట్లా అవుతుంది?

వయసుల చిక్కు కూడా ఉంది. పాడ్లలో పడుకున్నవాళ్ళు ముసలివాళ్ళు కాకూడదు. నటులకి పదిహేనేళ్ళ వయసు పెరిగింది. ఈలై ఒక్కడు మెలకువగా ఉన్నాడు కాబట్టి అతని వయసు పెరిగిందంటే నమ్మొచ్చు, కానీ అంతకాలం ఊపిరి నిలపడానికి నౌకలో విద్యుత్తు చాలదు. ఆ లెక్క ఆఖరి ఎపిసోడే చెప్పింది.

తొమ్మిదో చెవ్రాన్:

వయసులకి ఒక దారి సిరీస్‌లోనే ఉంది గోపి గారూ. రెండో సీజన్లో "ట్విన్ డెస్టినీస్" తర్వాత రష్ తప్ప ఇదే జట్టుకి ఇంకో ప్రతి రెండు వేల ఏళ్ళ వెనక్కి పడిపోయి నోవస్ అనే గ్రహం మీద స్థిరపడింది. "ఎపిలాగ్"లో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, ముసలివాళ్ళవడం కీనో అనే ఎగిరే కెమెరా రికార్డుల్లో చూపించారు. అప్పుడు మేకప్‌తో పెంచిన వయసుకి నటులు ఇప్పుడు నిజంగానే దగ్గరపడ్డారు. నోవస్ భాండాగారంలో ఇంతదాకా తెరవని రికార్డు దొరికిందని రాస్తే, యంగ్, ఈలై, రే లాంటివాళ్ళు ఇప్పటి ముఖాలతోనే కనిపించొచ్చు. ఆ ఈలై బతికున్నన్నాళ్ళూ ఆ సందేశం గురించి ఆలోచించకుండా ఉంటాడా? రెండు వేల ఏళ్ళ క్రితం వేసిన లెక్క ఇప్పటి డెస్టినీకి చేరడం, నాకైతే ఇంతకంటే సరైన ముగింపు తోచడం లేదు.

పైసాపైసా పద్మ:

వయసులూ సెట్లూ రెండూ అడ్డురానిది యానిమేషన్. దీనికి సరైన ఉదాహరణ బాబిలాన్ 5. 2023 ఆగస్టులో "ది రోడ్ హోమ్" అని వార్నర్ యానిమేషన్ సినిమా వేసింది, రాసింది సిరీస్ సృష్టికర్త స్ట్రజిన్‌స్కీయే. బతికున్న నటులు తమ పాత్రలకి తామే గొంతు ఇచ్చారు, పోయినవాళ్ళ పాత్రలకి వేరేవాళ్ళు చెప్పారు. గొంతు రికార్డింగుకి నటుడు వాంకూవర్ రానక్కర్లేదు, ఎవరి ఊళ్ళో వాళ్ళు స్టూడియోలో కొన్ని గంటలు కూర్చుంటే అయిపోతుంది. అందరి తేదీలూ ఒకేసారి కుదరాలన్న పెద్ద చిక్కు పోతుంది.

కామిక్స్ కూడా ఉన్నాయని కొందరికి తెలియకపోవచ్చు. 2017లో అమెరికన్ మిథాలజీ సంస్థ "బ్యాక్ టు డెస్టినీ" పేరుతో గాంట్‌లెట్ తర్వాతి కథ మొదలుపెట్టింది. సిరీస్ రచయితలు రాసింది కాదు కాబట్టి దాన్ని అసలు ముగింపుగా తీసుకోనక్కర్లేదు.

తపాలా బిళ్ళ:

మూడో ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ సరిగా జవాబివ్వలేదు, అందుకని రాస్తున్నాను.

గెలిచిన ఉద్యమాల్లో పద్ధతి గమనించండి. ఎక్స్‌పాన్స్ అనే సిరీస్‌ని 2018 మే 11న సైఫై వదిలేసింది. అభిమానులు చందాలేసి శాంటా మోనికాలో అమెజాన్ స్టూడియోస్ ఆఫీసు మీదుగా బ్యానరు కట్టిన విమానం ఎగరేశారు. మే నెలాఖరులోపే అమెజాన్ తీసుకుంది. ఇక్కడ చూడాల్సింది విమానం ఎగిరిన చోటు. వదిలేసిన ఛానల్ మీద కాదు, కొనగలిగినవాళ్ళ మీద. ఆ సిరీస్ హక్కులు అల్కాన్ సంస్థవి, సైఫైది ప్రసార హక్కు మాత్రమే, కాబట్టి చేతులు మారడానికి అడ్డు లేదు. టైమ్‌లెస్ వాళ్ళు శాన్ డియేగో కామిక్ కాన్ మీద హెలికాప్టర్ తిప్పారు, టీవీ అధికారులూ విలేకరులూ అంతా అక్కడే ఉండే రోజుల్లో. 2007లో జెరికో అనే సిరీస్ కోసం సీబీఎస్ ఆఫీసుకి 20 టన్నులకి పైగా వేరుశనక్కాయలు పంపారు, ఆఖరి ఎపిసోడ్లో హీరో అన్న "నట్స్" అనే ఒక్క మాట పట్టుకుని. ఇంకో ఏడు ఎపిసోడ్లు వచ్చాయి.

మన విషయంలో సైఫై ఛానల్‌కి రాసిన ఉత్తరం వృథా. అమెజాన్ ఎమ్‌జీఎమ్ స్టూడియోస్‌కే రాయాలి. కాగితం మీద, ఒక పేజీ దాటకుండా. మొదటి వాక్యంలోనే ఏం కావాలో ఉండాలి: "స్టార్‌గేట్ యూనివర్స్ కథకి ముగింపు, ఏ రూపంలోనైనా". తర్వాత మీరు ప్రైమ్ చందాదారా, ఏ దేశం, ఏ భాషల్లో చూస్తారు. అంతే. తిట్లు వద్దు, కొత్త సిరీస్‌ని బహిష్కరిస్తామన్న బెదిరింపు అసలే వద్దు, ఆ సిరీస్ బాగా నడిస్తేనే మనకి చోటు దొరుకుతుంది.

అన్నిటికంటే ఎక్కువమంది చేసే తప్పు, ఉత్తరంలో కథ రాయడం. పైన మీరు చెప్పుకున్న నోవస్ రికార్డు ఆలోచన చాలా బాగుంది, కానీ అది ఉత్తరంలో పెట్టకండి. అడగకుండా వచ్చిన కథలు చదివితే రేపు "నా కథ వాడుకున్నారు" అని కేసు పడుతుందని స్టూడియోలు అలాంటి ఉత్తరాలని చదవకుండానే పక్కన పడేస్తాయి. రచయితలకి ట్యాగ్ చేసి కథలు చెప్పడం కూడా అంతే. వాళ్ళు ఇంతకుముందే అది అనుకుని ఉంటే, మీ పోస్టు వల్లే ఇప్పుడు వాడుకోలేక వదిలెయ్యాల్సి రావచ్చు.

చూడడం కూడా పనే. 40 ఎపిసోడ్లు, ఒక్కోటి 43 నిమిషాల దరిదాపుల్లో, మొత్తం 29 గంటలు. రోజుకి రెండు చొప్పున 20 రోజులు. మీ ప్రాంతంలో చట్టబద్ధంగా ఎక్కడ దొరికితే అక్కడ, మొదటి ఎపిసోడ్ "ఎయిర్" నుంచి ఆఖరుదాకా వరసగా చూడండి. మొదలుపెట్టినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా చూశారన్నది స్ట్రీమింగ్ కంపెనీలకి ముఖ్యమైన లెక్క. నచ్చిన నాలుగు ఎపిసోడ్లు పదిసార్లు చూస్తే ఆ లెక్క పెరగదు. నెట్‌ఫ్లిక్స్ అయితే 2023 డిసెంబరు నుంచి ఆరు నెలలకోసారి ఏ సిరీస్ ఎన్ని గంటలు చూశారో బయటపెడుతోంది, అమెజాన్ అంత వివరంగా ఇవ్వదు. ఏది ఎంత చూశారో లెక్కకట్టే నీల్సన్ జాబితా అమెరికా టీవీలదే, మన చూపులు అందులో పడవు. కానీ కంపెనీ లోపల దేశంవారీ లెక్క ఉంటుంది. టెలిగ్రామ్‌లో దించుకున్న ఫైలు ఏ లెక్కలోనూ ఉండదు.

హ్యాష్‌ట్యాగ్ పెడితే ఒకటే పెట్టండి, అక్షరం తేడా లేకుండా. రోజంతా పలచగా వేసే వెయ్యి పోస్టుల కంటే గంటలో పడే మూడొందలు పైకి లేస్తాయి. ఒకే వాక్యం అందరూ అతికిస్తే స్పామ్ కింద పోతుంది, ఎవరి మాట వాళ్ళు రాయాలి, వీలైతే తెలుగులోనే. తెలుగులో పడిన పోస్టులు చూస్తే ఈ సిరీస్‌ని ఇక్కడ కూడా చూస్తున్నారని వాళ్ళకి తెలుస్తుంది.

నల్గొండ నుంచి నక్షత్రాలకు:

మంచిగ చెప్పిన్రు. సినిమా కావాల్నా ఎపిసోడ్లు కావాల్నా అని గోపి అన్నతోని పంచాయితీ మనలో మనకే ఉండనీయండ్రి, ఉత్తరంల "ఏ రూపంలోనైనా" అనే రాద్దాం. హ్యాష్‌ట్యాగ్‌కు టైం ఎప్పుడు పెడదాం?

తపాలా బిళ్ళ:

లాస్ ఏంజెలెస్‌లో ఆఫీసులు తెరిచిన గంటకి, అంటే వాళ్ళ ఉదయం 10కి. వారంమధ్యలో, మంగళవారమో బుధవారమో. వేసవి గడియారం ఉన్నన్నాళ్ళు మనకి అది రాత్రి 10:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పటినుంచి మార్చి రెండో ఆదివారం దాకా మనకి రాత్రి 11:30. డల్లాస్ వాళ్ళకి ఎప్పుడైనా మధ్యాహ్నం 12.

గట్టు మీద గోపి:

"ఏ రూపంలోనైనా" అన్నదానికి ఒప్పుకుంటున్నాను. బుధవారం పెట్టండి.

తొమ్మిదో చెవ్రాన్:

బుధవారమే. ఉత్తరం నమూనా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రేపు ఇక్కడే పెడతాను. పేరు, ఊరు, చందా వివరం ఖాళీగా వదులుతాను, మిగతా వాక్యాలు కూడా మార్చుకుని మీ మాటల్లో రాసుకోండి. కథ ఒక్క ముక్క కూడా ఉండదు.